నాలుగో గది తలుపు

నాకు కోపం ఎక్కువని మా అమ్మ ఆనందమ్మ వీధంతా చెప్పుకుంటుంది. ఎక్కువేమీ కాదు. పదకొండేళ్ళు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చాకిరీ చేసి, ఒక్క మాట నిలబెట్టుకుంటాడని మూడేళ్ళు ఎదురు చూసి, చివరికి ఆ మాట ఇచ్చిన మనిషే "నేనెప్పుడన్నాను?" అంటే ఎవరికైనా ఎంత కోపం వస్తుందో నాకూ అంతే వచ్చింది. మిగతావాళ్ళు దాన్ని మింగేసి ఊరుకుంటారు. నాకు మింగడం చేతకాదు, అంతే తేడా.

మా ఫ్యాక్టరీ చిత్తూరు నుంచి తిరుపతికి పోయే రోడ్డు పక్కన ఉంది. మే నెలాఖరులో తెరిస్తే ఆగస్టులో మూస్తారు. తోతాపురి కాయ ట్రాక్టర్లలో పచ్చిగా వస్తుంది. దాన్ని క్రేట్లకెత్తి, మాగబెట్టే గదుల్లో పేర్చి, తలుపులు బిగిస్తారు. మూడు నాలుగు రోజులకు కాయ మాగుతుంది. ఏ గంటకు తలుపు తీయాలో తెలుసుకోవడమే అసలు పని. తొందరపడి తీస్తే గుజ్జు పాలిపోయి పుల్లగా వస్తుంది. ఆలస్యం చేస్తే కాయ చితికి నీరు కారుతుంది, క్రేట్ల కింద పులిసిన వాసన మొదలవుతుంది. ఇక గదికి గదీ పారబోసుకోవాల్సిందే.

మా దగ్గర ఆ గంట చెప్పేది నేను. గదిలోకి పోయి, మూలనున్న క్రేటులోంచి ఒక కాయ తీసి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు తెలిసిపోతుంది. రేపు పొద్దున తొమ్మిదికి అన్నానంటే తొమ్మిదికే. దీనికోసం ఒక మిషను కూడా కొన్నారు. మిషను అంకె చూపించిన తర్వాత కూడా మా ఓనరు మునిరామయ్య నా మొహం వైపే చూసేవాడు.

ఇంత చేసే నేను వాళ్ళ రికార్డులో ఎవరినయ్యా అంటే సీజన్ కూలీని. ఆగస్టులో ఆఖరి గుజ్జు డ్రమ్ము లారీ ఎక్కగానే మా పేర్లు కొట్టేస్తారు. అప్పటి నుంచి మళ్ళీ మే దాకా నేను చెనక్కాయ చేలల్లో కలుపు తీస్తాను, కల్యాణ మంటపాల్లో అండాలు తోముతాను. సూపర్‌వైజర్ సంగతి అలా కాదు. పన్నెండు నెలలూ ఉద్యోగమే, పన్నెండు నెలలూ జీతమే. మా అమ్మాయి నిస్సీ తిరుపతిలో నర్సింగ్ చదువుతోంది. ఆగస్టు దాటితే దాని హాస్టల్ ఫీజుకు ఏ నెల ఎవరి గుమ్మం ఎక్కాలా అన్నదే నా ఆలోచన. ఆ గుమ్మాలు ఎక్కకుండా బతకాలని నా ఆశ. నాకు కావలసింది ఆ పన్నెండు నెలలే.

మూడేళ్ళ కిందట సీజన్ మధ్యలో మా సూపర్‌వైజర్ నాయుడుపేట దగ్గర ఏదో కంపెనీలో పని దొరికిందని చెప్పకుండా పోయాడు. మునిరామయ్య తల పట్టుకున్నాడు. నేను రెండు నెలలు ఆ పని మొత్తం చేశాను. కాయ దించడం, గదులు, కోత బల్లలు, అరవై మంది ఆడవాళ్ళ షిఫ్టులు, అన్నీ. ఒక్క గది పాడు కాలేదు. ఆఖరి లారీ కదిలిన సాయంత్రం మునిరామయ్య పైనున్న ఆఫీసు నుంచి దిగి కాటా దగ్గరికి వచ్చాడు. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. ఆయన చెయ్యి పక్కనున్న ఖాళీ డ్రమ్ము మీద ఉంది. అది కూడా నాకు గుర్తే.

"కృపామణీ, నువ్వు లేకపోతే ఈ ఏడు నేను మునిగిపొయ్యుంటాను. వొచ్చే ఒకటో తేదీ నుంచి నువ్వే సూపర్‌వైజర్. పన్నెండు నెలలూ. నేను సెప్పినానంటే అయిపోయినట్టే" అన్నాడు.

ఆ రోజు ఇంటికి పోతూ కోడికూర తీసుకుపోయాను. అమ్మ ప్రార్థన చేసింది. నిస్సీకి ఫోన్ చేసి చెప్పాను. ఒకటో తేదీ ఇస్త్రీ చీర కట్టుకొని పోతే గేటు దగ్గర వాచ్‌మన్ సీజన్ అయిపోయింది కదా, ఎందుకు వచ్చావన్నాడు. సారు బెంగుళూరులో ఉన్నాడట. ఇస్త్రీ చీరతో అలాగే వెనక్కి నడిచి వచ్చాను. దారిలో ఎంతమంది అడిగారో ఎక్కడికి పోయొస్తున్నావని.

తర్వాత రెండు సీజన్లూ ఎవరినీ సూపర్‌వైజర్‌గా పెట్టకుండా ఆ పని కూలీ లెక్కకే నా చేత చేయించుకున్నాడు. ఆ మధ్యలో అడిగాను. మొదటిసారి తొందరెందుకన్నాడు. రెండోసారి బ్యాంకు లోన్ రానీ అన్నాడు. మూడోసారి, నువ్వు మా ఇంటి మనిషివి, ఇంటి మనిషికి పోస్టు ఏందమ్మా అని నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది. ఇంటి మనిషినే అయితే ఆ ఇంట్లో నా గది ఏదో చూపించి ఉండవలసింది. పండగకు ఒక చీర, ఒక స్వీటు డబ్బా ఇచ్చి ఇంటి మనిషి అంటే సరిపోతుందని వీళ్ళకు ఎవరు చెప్పారో తెలియదు. ఆ చీర కూడా రెండు ఉతుకులకే రంగు పోయేది.

ఈ ఏడాది సీజన్ మొదలైన రోజు ఒక కుర్రాడు తెల్లబూట్లు వేసుకొని కోత బల్లల మధ్య నిలబడి ఉన్నాడు. పేరు భానుచందర్. మునిరామయ్య భార్య జ్ఞానాంబమ్మకు తమ్ముడి కొడుకు. ఎంబీఏ చదివాడట. కొత్త సూపర్‌వైజర్ ఇతనే అని అందరికీ పరిచయం చేశారు. పరిచయం అయ్యాక మునిరామయ్య నా వైపు తిరిగి, కృపామణీ, పిల్లోడికి గదుల సంగతి కొంచెం నేర్పించు అన్నాడు. నా కుర్చీలో కూర్చున్నవాడికి కూర్చోవడం కూడా నేనే నేర్పాలన్నమాట.

ఆ పిల్లవాడు చెడ్డవాడైతే బాగుండేది. చెడ్డవాడు కాదు. అక్కా అక్కా అంటూ నా వెనకే తిరిగాడు. నొక్కి చూడమంటే కాయలన్నీ గుంటలు పడేలా నొక్కాడు. వాసన చూడమంటే, అన్నీ ఒకటే వాసన వస్తున్నాయక్కా అన్నాడు. నా కోపం వాడి మీద చూపించలేక మరింత పెరిగింది. మూడు వారాలు ఓర్చుకున్నాను. నాలుగో వారం సోమవారం మధ్యాహ్నం, భోజనాల గంట కొట్టగానే, చేతులైనా సరిగా కడుక్కోకుండా మెట్లెక్కి ఆఫీసుకు పోయాను.

ఆఫీసు అంటే రెండు గదులు. బయట గదిలో గుమాస్తా దామోదరం కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. లోపల గదిలో మునిరామయ్య. ఆయన వెనక నిలువెత్తు వినాయకుడి పటం, దానికి రోజుకొక మాల. సంకటహర చతుర్థికి ప్రతి నెలా కాణిపాకం పోయి అభిషేకం చేయించుకుంటాడు.

ఆయన మాట ఆయనకు గుర్తు చేశాను. కాటా, లారీ, డ్రమ్ము, ఒకటో తేదీ, ఏదీ వదల్లేదు. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"నేనెప్పుడన్నాను మ్మే ఆ మాట?"

"మీరే అన్నారు సార్. కాటా దగ్గర."

"అబ్బబ్బ, పని జరిగేటప్పుడు వంద అంటాం. అయన్నీ పట్టుకొని యాలాడితే ఎట్లా? నేననలేదు. పో, పొయ్యి అన్నం తిను."

అనలేదు అన్నాడు. మరిచిపోయానని అన్నా నేను తిరిగి వచ్చేదాన్నేమో. ఇప్పుడు కుదరదని అన్నా ఏడుస్తూ మెట్లు దిగేదాన్నేమో. నా మొహం కూడా చూడకుండా నన్ను అబద్ధాలకోరును చేశాడు. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"అనలేదని కాణిపాకంలో ప్రమాణం చేస్తారా సార్?"

మా వైపు పుట్టినవాళ్ళకు ఆ మాట బరువు చెప్పక్కర్లేదు. గట్టు తగాదా కానీ, దొంగతనం కానీ, అన్నదమ్ముల పేచీ కానీ, ఎవరు ఏం చెప్పినా తేలకపోతే చివరికి కాణిపాకం వినాయకుడి ముందు తేలాల్సిందే. తలస్నానం చేసి తడిబట్టలతో ఆయన ఎదుట నిలబడి చెప్పాలి. ఆయన ముందు అబద్ధం ఆడినవాడి ఇల్లు బాగుపడదని అందరి నమ్మకం. పిలిస్తే రానివాడే అబద్ధాలకోరని కూడా అందరికీ తెలుసు.

మునిరామయ్య ఫోన్ బల్ల మీద పెట్టాడు. బయట గదిలో కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఆయన నవ్వాడు.

"సర్చికి పొయ్యేదానివి, నీకు వినాయకుడు యాడ గుర్తొచ్చినాడు? సరే. నేనన్నానని నువ్వే సెయ్యి ప్రమాణం. బుధవారం పొద్దున్నే పోదాం. నువ్వు తడిబట్టల్తో ఆయన ముందర నిలబడి సెప్పినావంటే ఆ రోజే నీకు లెటరు."

నేను చేయననే ఆయన ధైర్యం. మేము ఒట్లు పెట్టుకోమని ఆయనకు తెలుసు. నా దేవుణ్ణే నాకు అడ్డం పెట్టాడు.

"చేస్తాను. మీరూ రావల్ల సార్. మీరు అన్నారని నేను సెప్తాను, అనలేదని మీరు సెప్పండి" అన్నాను. వస్తాలే పో అని మళ్ళీ ఫోన్ తీసుకున్నాడు.

ఆ రాత్రి విషయం చెబితే మా అమ్మ కంచం పక్కకు జరిపింది. మనలో ఒట్టు తప్పు అంది. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి మాట్లాడకూడదు అంది. మూడేళ్ళుగా నేను అవుననే కదా చెబుతున్నాను, ఎవరు విన్నారని అడిగాను. గట్టిగానే అడిగాను. నాకు మాత్రం భయం లేదా? చిన్నప్పటి నుంచి మోకాళ్ళ మీద కూర్చున్న చోటు ఒకటి, ఇప్పుడు పోయి నిలబడేది ఇంకొక చోటు. ఏ దేవుడి ముందు తప్పు చేస్తున్నానో తెలియక రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. బుధవారం తెల్లవారుజామున బయలుదేరుతుంటే అమ్మ ఒక సంచి చేతికిచ్చింది. అందులో ఒక చీర, జాకెట్టు, తువ్వాలు ఉన్నాయి.

"తడిసిపోతావు. మార్సుకో" అంది, నా మొహం చూడకుండా.

మంగళవారం సాయంత్రమే నేను గదులన్నీ చూసి, నాలుగో గది రేపు పొద్దున తొమ్మిదికి తీయాలని చెప్పి ఉన్నాను. కాబట్టి ఆరింటికల్లా కాణిపాకంలో ఉండి, ఎనిమిదిన్నరకు ఫ్యాక్టరీకి తిరిగి రావాలి. ఒక్కదాన్నే పోదామనుకుంటే వీధి మొదట్లో నాలుగు ఆటోలు ఆగి ఉన్నాయి. కోత బల్లల దగ్గర నా పక్కనే పనిచేసే పోలేరమ్మ ముప్పై మందిని పోగు చేసింది. ఇంతమంది నా కోసం ఎందుకంటే ఆమె నోట్లో వక్క ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంది.

"నీ కోసరం ఎవురొస్తారు మ్మే. ఆయప్ప నాకూ ఒక మాట ఇచ్చుండాడు. నీది తేలితే నాదీ తేలుతాది" అంది.

కాణిపాకంలో అప్పుడే అంగళ్ళు తెరుస్తున్నారు. గరిక, టెంకాయలు, పూలమాలలు. రాజగోపురం ఎదురుగా ముప్పై మందిమీ నిలబడ్డాం. దర్శనానికి పోయేవాళ్ళు ఆగి చూసి, ప్రమాణమా అని అడిగి, అవునంటే ఒక అడుగు దూరం జరిగి పోతున్నారు. ఆరున్నరకు మునిరామయ్య తెల్లకారు వచ్చింది. కారు వెనక తలుపు తెరుచుకుంది. అందులోంచి టెంకాయల సంచి పట్టుకొని, కొత్త పంచె కట్టుకొని, గుమాస్తా దామోదరం దిగాడు. ముందు సీట్లో డ్రైవర్ తప్ప ఇంకెవరూ లేరు.

సారేడీ అంటే, బీపీ ఎక్కువైంది, పడుకున్నాడు అని చెప్పాడు దామోదరం. తర్వాత నేల చూస్తూ మిగతాది కూడా చెప్పాడు. ఆయన బదులు తనను ప్రమాణం చేసి రమ్మన్నాడట.

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మాతో కాయ కోయించుకున్నాడు, మోయించుకున్నాడు, గదులు కడిగించుకున్నాడు. ఇప్పుడు తన అబద్ధం చెప్పడానికి కూడా జీతగాణ్ణే పంపాడు. పాపం తగిలితే ఆ జీతగాడి పిల్లలకు తగలాలి, ఆయన మాత్రం ఏసీలో పడుకోవాలి. దామోదరం ఇరవై రెండేళ్ళుగా ఆ బయట గదిలో కూర్చున్న మనిషి. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. జీతం పెంచమని అడగడం మాట అటుంచి, ఫ్యాను పాడైతే ఆ సంగతి కూడా చెప్పలేక రెండు ఎండాకాలాలు చెమటలు కక్కాడు.

ఆయన పోయి స్నానం చేసి తడి పంచెతో వచ్చాడు. గోపురం వైపు రెండడుగులు వేశాడు. నేను అడ్డం పోయి నిలబడ్డాను.

"ఏమని చేస్తావు దామోదరన్నా ప్రమాణం?"

"మా సారు నీకు మాట ఇయ్యలేదని."

"ఆ పొద్దు కాటా దగ్గర నువ్వు లేవు కదన్నా. ఇచ్చినాడో లేదో నీకెట్లా తెలుసు?"

దామోదరం గోపురం వైపు చూశాడు. నా వైపు చూశాడు. నీళ్ళు జుట్టులోంచి మొహం మీదికి కారుతున్నాయి. తుడుచుకోలేదు. తర్వాత ఆయన మాట్లాడింది నాతో కాదు, లోపలున్న దేవుడితో అన్నట్టు మాట్లాడాడు.

"కాటా దగ్గర నేను లేను. ఆ మాపిటేళ ఆయన మెట్లెక్కి వొచ్చి, కృపామణికి సూపర్‌వైజర్ లెటరు కొట్టు దామోదరం, ఒకటో తేదీ నుంచి, అన్నాడు. నేనే కొట్టినాను. టేబుల్ మింద పెట్టినాను. రేపు సంతకం పెడతాలే అన్నాడు. పది దినాలు ఆడనే ఉండింది. మా పిల్లోడు చదువు అయిపొయ్యి వొస్తా ఉండాడు కదా, ఆ సీటు ఉండనీండి అని జ్ఞానాంబమ్మ ఫోన్ చేసింది. తీసెయ్ దామోదరం అన్నాడు. తీసేసినాను. ఈయన ముందర నిలబడి లేదని నేనెట్లా సెప్పేది? నాకూ బిడ్డలుండారు."

నాకు ముందు సంతోషం రాలేదు. కోపమే వచ్చింది, అదీ దామోదరం మీద. మూడేళ్ళు నేను ఆ బయట గదిలోంచే లోపలికి పోయాను, ఆయన ముందు నుంచే కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చాను. ఒక్క మాట చెబితే ఏమైపోయేవాడు? ఆ సంగతే అడిగాను. ఎందుకు చెప్పలేదన్నా అని అరిచాను.

"నన్నెవరన్నా అడిగినారా మ్మా? ఇరవై రెండేండ్లలో నన్నెవరూ ఏదీ అడగలేదు" అన్నాడు.

మునిరామయ్య ఇంతమందిలో ఏరి కోరి, నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషిని పంపాడు. తెలివితక్కువ మనిషి కాదు ఆయన. దామోదరానికి తెలుసన్న సంగతే ఆయనకు గుర్తు లేదు. కంప్యూటర్‌కు చెప్పినట్టే దామోదరానికీ చెప్పాడు. టైపు కొట్టేవాడికి చెవులు ఉంటాయని, ఆ చెవుల్లో పడింది మనసులో ఉండిపోతుందని ఆయనకు ఎప్పుడూ తట్టి ఉండదు. నేనూ అంతే కదా, మూడేళ్ళుగా ఆ బల్ల దాటిపోతూ ఒక్కసారి ఆగి అడగలేదు కదా అనిపించింది.

ఇక నేను ప్రమాణం చేయవలసిన అవసరం రాలేదు. అమ్మ ఇచ్చిన చీర సంచిలో పొడిగానే ఉంది. దామోదరం తడి పంచెతోనే మా ఆటో ఎక్కాడు. కారు ఆయన పొడిబట్టలతో సహా వెళ్ళిపోయింది.

మేము చేరేసరికి డ్రైవర్ ద్వారా కబురు అందినట్టుంది, బీపీ పేషెంటు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ముప్పై మందీ టోపీలు, గ్లవుజులు వేసుకోకుండా ఆవరణలోనే నిలబడ్డారు. ఆయన గొంతు మెత్తగా పెట్టాడు.

"అడిగుంటే ఇచ్చేవాణ్ణి కదమ్మా. దీనికి దేవుడి దాంకా పోవల్నా?"

"నాలుగుసార్లు అడిగినాను సార్" అన్నాను. వెనక పోలేరమ్మ, నేను రెండుసార్లడిగినా అంది.

అప్పుడే భానుచందర్ పరుగెత్తుకొచ్చి, నాలుగో గదిలోంచి వాసన గట్టిగా వస్తోంది, తీయాలా వద్దా అని అడిగాడు. మునిరామయ్య గడియారం చూసుకున్నాడు. ఎనిమిది నలభై. సరే పైకి రా, లెటర్ ఇచ్చేస్తాను, దామోదరం, కొట్టు అన్నాడు. దామోదరం ఆరీ ఆరని పంచెతో వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. కొత్తగా కొట్టక్కర్లేదు సార్, అప్పటిది అట్లాగే ఉండాదని చెప్పి, పాతదాన్ని వెతికి ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు. తీసెయ్ అన్నది కాగితాన్నే అనుకున్నాడట, కంప్యూటర్లోంచి తీయలేదు. నా పేరు, మా నాయన పేరు, పోస్టు పేరు. కింద మూడేళ్ళ కిందటి తేదీ.

మునిరామయ్య పెన్ను తీశాడు. తేదీ చూసి ఆగాడు. ఈ రోజు తేదీ వేసి ఇంకొకటి తీయమన్నాడు.

"వద్దు సార్. దీని మీదే పెట్టండి" అన్నాను.

"ఇప్పుడు సేరతా ఉండావు, ఇప్పటి తేదీనే కదా ఉండల్ల? మూడేండ్ల కిందటి తేదీతో నీకేం పని?"

"మూడేండ్ల కిందట నుంచే సేస్తా ఉండాను సార్ ఆ పని. ఈ పొద్దు మొదలు పెట్టలేదు."

ఆయన నా మొహం వైపు చూశాడు. పదకొండేళ్ళలో గది తలుపు గురించి కాకుండా నా మొహం వైపు చూడడం అదే మొదలు. కింద ముప్పై మంది. గోడ మీద వినాయకుడు. గడియారంలో ఎనిమిది యాభై. సంతకం పెట్టి పెన్ను విసిరేశాడు. నేను కాగితం తీసుకొని మడతపెట్టి జాకెట్టులో దోపుకున్నాను. సంతోషం అప్పుడు రావాలి నాకు. వచ్చేదే.

"దామోదరం, నీ లెక్క సూసుకొని పో. రేపటి నుంచి రావొద్దు" అన్నాడు మునిరామయ్య. అదే నోటితో నా వైపు తిరిగి, "నువ్వు పో, గది తీపించు. సూపర్‌వైజర్‌వి కదా" అన్నాడు.

దామోదరం లేచాడు. సొరుగులోంచి కళ్ళజోడు డబ్బా తీసుకున్నాడు. కుర్చీలో వేసుకునే చిన్న మెత్త చంకలో పెట్టుకున్నాడు. కింది మూల నుంచి టిఫిన్ క్యారియర్ తీసుకున్నాడు. ఇరవై రెండేళ్ళకు ఆయన మోసుకుపోవలసినవి ఆ మూడే. నాకు ఇవ్వవలసింది ఇచ్చి, ఆ కసి అడగడం రాని మనిషి మీద తీర్చుకున్నాడు. నా జాకెట్టులో ఆ కాగితం మంట పెట్టినట్టు ఉంది.

మెట్లు దిగి నాలుగో గది దగ్గరికి పోయాను. ముప్పై మందీ టోపీలు పెట్టుకొని వరుసగా నిలబడి ఉన్నారు. భానుచందర్ చేతిలో తాళం చెవి. పెద్ద తలుపు పక్కనున్న చిన్న తలుపు తీసి లోపలికి పోయి, ఎప్పటిలాగే మూలనున్న క్రేటులోంచి ఒక కాయ తీసి, నొక్కి, వాసన చూసి బయటికి వచ్చాను. తీద్దామా అక్కా అని అడిగాడు భానుచందర్. ఇన్నేళ్ళూ గంట చెప్పింది నేనైనా, తీయండి అని ఆర్డరు వేసింది ఇంకొకరు. ఇప్పుడు ఆ మాట కూడా నేనే అనాలి. నా దగ్గర కాగితం ఉంది, దాని మీద సంతకం ఉంది.

దామోదరం గేటు వైపు నడుస్తున్నాడు. పిలిచాను. వెనక్కి వచ్చి నీ కుర్చీలో కూర్చో అన్నా అని చెప్పాను. ఆయన అర్థం కానట్టు చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. నేను ఒక ఖాళీ క్రేటు బోర్లించి, నాలుగో గది తలుపుకు అడ్డంగా వేసుకొని కూర్చున్నాను. పోలేరమ్మ ఇంకొక క్రేటు తెచ్చుకొని నా పక్కన కూర్చుంది. తర్వాత మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే టోపీలు తీసి కూర్చున్నారు.

తొమ్మిదయింది. పైనుంచి మునిరామయ్య అరిచాడు, గది ఎందుకు తీయలేదని.

"తీస్తాం సార్. దామోదరన్న పైకొచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నాక తీస్తాం" అన్నాను.

ఆయన మెట్లు దిగి వస్తున్నాడు. గదిలోంచి మాగిన కాయ వాసన ఆవరణ అంతా నిండింది. ఆ వాసనకు ఆయన అడుగులు తడబడడం నాకు కనిపించింది. తొమ్మిది అన్నది నేనే అయినా, నాలుగో గదిలో కాయ ఇంకా రెండు గంటలు ఆగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆయనకు తెలియదు.